ధర నేర్పిన పొదుపు ఎంతవరకు నిలుస్తుంది?

ఇంధనం ధర పెరిగితే వాడకం తగ్గుతుంది, ధర తగ్గితే వాడకం పెరుగుతుంది. వర్తకంలో ఇది ఓనమాల పాఠం. అయితే ఈ పాఠాన్ని అంతటితో ఆపినవారు పెద్ద నష్టాలు చవిచూశారు. ధర పెరిగినప్పుడు తగ్గిన గిరాకీ, ధర దిగిరాగానే మొత్తం తిరిగి వస్తుందని సరుకు నిలవేసుకున్నవారు ఒక రకం. జనం పొదుపు నేర్చుకున్నారు, పాత వాడకం ఇక రాదని తేల్చుకున్నవారు మరొక రకం. ఇద్దరి లెక్కా తప్పడానికి కారణం ఒక్కటే. పొదుపు అంతా ఒకే రకమని వారు అనుకున్నారు.

ముడిచమురు, బొగ్గు, వంటగ్యాసు వర్తకులకే గాక పంచదార, మొక్కజొన్న, ధాన్యం, ఎలక్ట్రికల్ సామాను వర్తకులకు కూడా ఈ విషయం అవసరం. ఇంధనం ధర మారినప్పుడు వినియోగదారుడు ఏమి మానుకుంటాడు, ఏమి కొంటాడు, ఎంతకాలం ఆ మాట మీద నిలబడతాడు అన్నది గడచిన యాభై ఏళ్ల అనుభవం నుంచి పరిశీలిద్దాం.

పొదుపులో మూడు రకాలు

మొదటిది చేతి పొదుపు. గదిలో ఎవరూ లేనప్పుడు దీపం ఆర్పడం, కారు ఇంట్లో ఉంచి బస్సు ఎక్కడం, గీజరు వాడకం తగ్గించడం ఈ కోవలోవి. దీనికి పెట్టుబడి అక్కరలేదు. ధర పెరిగిన మర్నాడే మొదలవుతుంది, ధర తగ్గిన మర్నాడే ఆగిపోతుంది.

రెండవది సామాను పొదుపు. పాత మోటారు తీసి తక్కువ కరెంటు తాగే మోటారు బిగించడం, ఎక్కువ మైలేజీ ఇచ్చే బండి కొనడం, మిల్లులో బాయిలరు మార్చడం వంటివి. దీనికి చేతి సొమ్ము పెట్టాలి, కనుక ఆలస్యంగా మొదలవుతుంది. కానీ ఒకసారి సామాను మారిందంటే దాని ఆయుష్షు తీరేదాకా పొదుపు సాగుతూనే ఉంటుంది. ధర తగ్గింది గదా అని కొత్త మోటారు పీకి పాత మోటారు పెట్టేవారెవరూ ఉండరు.

మూడవది సరుకు మార్పిడి. కిరోసిన్ మాని గ్యాసు, పెట్రోలు మాని డీజిలు, చమురు మాని బొగ్గు వాడటం. ఇక్కడ పనిచేసేది ధర ఎంత అన్నది కాదు, రెండు సరుకుల ధరల మధ్య తేడా ఎంత అన్నది.

ఈ మూడింటికీ చెందని నాలుగవది ఒకటున్నది. అది పొదుపు కాదు, మూత. 2022లో యూరపులో సహజవాయువు ధర కనీవినీ ఎరుగని స్థాయికి పెరిగినప్పుడు వాడకం 15 శాతం తగ్గించాలని యూరోపియన్ యూనియన్ లక్ష్యం పెట్టుకున్నది. ఆ ఆగస్టు నుంచి 2023 మార్చి వరకు సుమారు 18 శాతం తగ్గింది. దానిలో ఇళ్లలో వేడి తగ్గించుకున్నవారి వంతు ఉంది, చలి తక్కువగా ఉండటం ఉంది, ఉత్పత్తి తగ్గించిన అమ్మోనియా కర్మాగారాల వంతు కూడా ఉంది. కర్మాగారం ఆగితే వాడకం తగ్గిన మాట నిజమే గాని, దానిని పొదుపు బుద్ధి అనలేము. అటువంటి గిరాకీ ఎప్పుడు తిరిగి వస్తుందన్నది వినియోగదారుని మనసును బట్టి కాక ఆ కర్మాగారం లాభనష్టాలను బట్టి ఉంటుంది.

చేతి పొదుపు ఈనాటి ధరకు జవాబు. సామాను పొదుపు రేపటి ధర మీద నమ్మకానికి జవాబు. ఈ తేడా గుర్తుంచుకుంటే కింది ఉదాహరణలు తేలికగా బోధపడతాయి.

అమ్మకందారులే నష్టపోయిన కథ

1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధం వచ్చింది. అంతకుముందు బారెలు సుమారు 3 డాలర్లున్న ముడిచమురు 1974 జనవరి నాటికి 12 డాలర్లకు చేరువైంది. 1979లో ఇరాన్ విప్లవం తరువాత రెండవ దెబ్బ తగిలింది. 1980 ప్రాంతంలో ధర 35 డాలర్లు దాటింది. చమురు లేనిదే లోకం నడవదు కనుక ఏ ధరకైనా కొంటారని అమ్మకందారులు భావించారు.

మొదటి దెబ్బకు చాలా దేశాలు చేతి పొదుపుతో సరిపెట్టుకున్నాయి. వేగ పరిమితులు, ఆదివారాలు కార్లు తిప్పరాదన్న నిబంధనలు ఆ కాలానివే. రెండవ దెబ్బతో మాత్రం వినియోగదారుని ఆలోచన మారింది. ఈ ధరలు వచ్చిపోయేవి కావు, స్థిరపడేవి అన్న నమ్మకం కుదిరింది. అప్పుడు సామాను మారడం మొదలైంది. చమురుతో నడిచే విద్యుత్ కేంద్రాలు బొగ్గుకు, అణుశక్తికి మళ్లాయి. అమెరికాలో 1970ల చివర విద్యుదుత్పత్తిలో సుమారు ఆరోవంతు చమురు నుంచి వచ్చేది. 1985 నాటికి అది ఇరవయ్యోవంతు లోపునకు పడిపోయింది. చిన్న కార్లలో పేరు తెచ్చుకున్న జపాన్ కంపెనీలు అమెరికా మార్కెట్లో పాతుకుపోయాయి.

1979కి, 1983కి మధ్య ప్రపంచ చమురు వాడకం సుమారు పదోవంతు తగ్గింది. ధర నిలబెట్టడానికి సౌదీ అరేబియా తన ఉత్పత్తిని కోసుకుంటూ వచ్చింది. 1980లో రోజుకు కోటి బారెళ్ల దాకా తీసిన దేశం 1985 వేసవిలో 25 లక్షల దరిదాపులకు దిగింది. ఆపైన ఓపిక నశించి ఉత్పత్తి పెంచింది. 1986లో ధర కుప్పకూలి 10 డాలర్ల దరిదాపులకు వచ్చింది.

తగ్గిన ధరకు పోయిన గిరాకీ అంతా తిరిగి వచ్చిందా అంటే, రాలేదు. వాహనాల వాడకం పెరిగింది. కాని విద్యుత్ కేంద్రాలకు, బాయిలర్లకు అమ్ముడుపోయే చమురులో చాలాభాగం శాశ్వతంగా పోయింది. పెరిగేటప్పుడు గిరాకీ నడిచిన దారి వేరు, తగ్గేటప్పుడు నడిచే దారి వేరు. వర్తకుడు రెండు దారులకూ ఒకే లెక్క వేయరాదు.

ఒకే మందీ, రెండు దేశాలు

1986 మందీలో రెండు దేశాల వినియోగదారులు రెండు విధాలుగా ప్రవర్తించారు.

అమెరికాలో 1975 నాటి చట్టం ప్రకారం కార్ల కంపెనీలు మైలేజీ పెంచవలసి వచ్చింది. కొత్త బండ్ల సగటు 1975లో గాలనుకు సుమారు 13 మైళ్లు కాగా 1987 నాటికి 22 మైళ్లకు చేరింది. చమురు చౌకబడటంతో ప్రభుత్వం 1986లో కార్ల ప్రమాణాన్ని 27.5 నుంచి 26 మైళ్లకు సడలించింది. కొనుగోలుదారులు కూడా మైలేజీ మాట మరచి పెద్ద బండ్ల వైపు తిరిగారు. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో అక్కడ అమ్ముడైన బండ్లలో దాదాపు సగం పెద్ద జీపులు, వ్యానుల తరహావే. సగటు మైలేజీ 1987 నాటికన్నా తగ్గింది. 2008 జూలైలో ముడిచమురు 147 డాలర్లకు ఎగబాకి, పెట్రోలు గాలను 4 డాలర్లు దాటినప్పుడు ఆ పెద్ద బండ్లు షోరూములలో ఉండిపోయాయి. అదే ఏడాది డిసెంబరుకు చమురు 40 డాలర్ల లోపునకు వచ్చింది. తరువాత పెద్ద బండ్లకు మళ్లీ రోజులు వచ్చాయి.

డెన్మార్క్ దారి వేరు. 1970ల మొదట ఆ దేశపు శక్తి అవసరాలలో సుమారు 90 శాతం దిగుమతి చమురే తీర్చేది. అందువల్ల 1973 దెబ్బ అక్కడ గట్టిగా తగిలింది. 1986లో ప్రపంచ ధర పడిపోయినప్పుడు ఆ ప్రభుత్వం ఇంధనంపై పన్నులు పెంచి, వినియోగదారుడు చెల్లించే ధర పడకుండా చూసింది. దానితో ఇంటి గోడలకు వేడి నిలిపే పొర వేయించుకున్నవారికీ, మంచి బాయిలరు కొన్నవారికీ తమ సొమ్ము వృథా కాలేదన్న ధైర్యం మిగిలింది. 1980 తరువాత ఆ దేశపు ఆర్థిక వ్యవస్థ దాదాపు రెట్టింపు కాగా శక్తి వాడకం పెద్దగా పెరగలేదు.

అమెరికన్లకు పొదుపు బుద్ధి తక్కువ, డేన్లకు ఎక్కువ అని చెప్పడం తేలిక. నిజానికి ఇద్దరూ తమ కంటబడిన ధరకు తగినట్లే నడచుకున్నారు. ఒకచోట ధర మాట తప్పింది, మరొకచోట పన్ను ఆ మాటను నిలబెట్టింది.

పంచదార వర్తకులకు పనికివచ్చే ఉదాహరణ

సరుకు మార్పిడికి బ్రెజిల్‌ను మించిన ఉదాహరణ లేదు. 1975లో ఆ దేశం చెరకు నుంచి ఇథనాల్ తయారుచేసి వాహనాలకు వాడే పథకం ప్రారంభించింది. 1980ల మధ్యకు అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో 90 శాతానికి పైగా ఒట్టి ఇథనాల్‌తో నడిచేవే. తరువాత చమురు చౌకబడింది, పంచదార ధర పుంజుకున్నది. మిల్లులకు పంచదార ఆడటమే లాభసాటి అయింది. 1989, 1990 సంవత్సరాలలో బంకుల్లో ఇథనాల్ కొరత వచ్చింది. ఇథనాల్ కారు కొన్నవారు వరసలలో నిలబడ్డారు. నమ్మకం చెదిరింది. 1990ల చివరకు అటువంటి కొత్త కార్ల అమ్మకం దాదాపు సున్నాకు వచ్చింది.

2003లో పెట్రోలు, ఇథనాల్ రెంటితోనూ, ఏ పాళ్లలో కలిపినా, నడిచే కార్లు రావడంతో కథ మారింది. ఇథనాల్‌తో మైలేజీ తక్కువ కనుక పెట్రోలు ధరలో 70 శాతానికి లోపు ఉంటేనే అది గిట్టుబాటు. అక్కడి కారు యజమానులలో చాలామందికి ఈ లెక్క నోటికి వచ్చు. బంకు దగ్గర ధరల పలక చూసి ఏది పోయించాలో నిర్ణయించుకుంటారు. పర్యావరణం మీద ప్రేమ ఎంత ఉన్నా 70 దాటితే చేయి పెట్రోలు వైపే పోతుంది. ఆ చేతి కదలికను బట్టి మిల్లులు చెరకును పంచదారకు మళ్లించాలా, ఇథనాల్‌కు మళ్లించాలా అన్నది తేల్చుకుంటాయి. ప్రపంచ పంచదార ధారణలకు, ముడిచమురుకు సంబంధం ఏర్పడింది ఈ దారిలోనే.

మన దేశంలో పరిస్థితి ఇది కాదు. ఇక్కడ బంకులో వినియోగదారుడు ఎంచుకొనేది తక్కువ. 2025లో పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది ప్రభుత్వ నిర్ణయం వల్ల. ఆ డిస్టిలరీల గిరాకీ మూలంగానే మొక్కజొన్న ధారణలు బిగిశాయి, ఎగుమతి చేసే దేశం 2024లో దిగుమతికి దిగింది. బ్రెజిల్ మార్కెట్ చూసేవారు వినియోగదారుని చేయి చూడాలి. మన మొక్కజొన్న మార్కెట్ చూసేవారు ప్రభుత్వ ఉత్తర్వు చూడాలి.

డీజిలు కార్ల తేజీ, మందీ

మన దేశంలో 2010 జూన్‌లో పెట్రోలు ధరపై నియంత్రణ తొలగింది. డీజిలుపై మాత్రం కొనసాగింది. 2012 మే చివరిలో ఢిల్లీలో పెట్రోలు లీటరు రూ.73.18 కాగా డీజిలు రూ.40.91. తేడా 32 రూపాయల పైమాటే. రైతుకు, లారీకి ఊరటగా ఉంచిన తక్కువ ధర కార్లకు వరమైంది. డీజిలు కారు ఖరీదు ఎక్కువైనా జనం దానినే కొన్నారు. ఆ రోజులలో కొత్త కార్ల అమ్మకాలలో డీజిలు బండ్ల వాటా సగం దాటింది.

2013 జనవరి నుంచి డీజిలు ధరను నెలకు కొద్ది పైసల చొప్పున పెంచుతూ వచ్చారు. 2014 అక్టోబరులో నియంత్రణ పూర్తిగా తొలగింది. తేడా కరిగిపోయింది. దానికి కాలుష్య నిబంధనల ఖర్చు తోడైంది. 2020 నాటికి డీజిలు కార్ల వాటా ఐదోవంతు లోపునకు దిగింది. దేశంలో అన్నిటికన్నా పెద్ద కార్ల కంపెనీ మారుతీ సుజుకీ ఆ ఏడాది ఏప్రిల్ నుంచి డీజిలు కార్ల తయారీ మానుకున్నది.

ఇక్కడ గమనించవలసినది, నెలకు కొన్ని పైసల పెంపు ఎవరినీ ఒక్కసారిగా బెదరగొట్టలేదు. కాని ధర ఎటు పోతున్నదో అందరికీ తెలిసింది. కారు కొనేవాడు పదేళ్ల ఖర్చు చూసుకొని కొంటాడు. అతనికి ఈనాటి రేటు కన్నా రేటు నడిచే దిక్కు ముఖ్యం.

మీటరు లేనిచోట

ధర వినియోగదారునికి కనబడనప్పుడు ఏమవుతుందో మన వ్యవసాయ పంపుసెట్లు చెబుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1980ల తొలినాళ్లలో పంపుసెట్లకు మీటరు లెక్క పోయి హార్సుపవరు లెక్క వచ్చింది. ఎన్.టి.రామారావు ప్రభుత్వ హయాంలో హార్సుపవరుకు ఏడాదికి 50 రూపాయలు చెల్లిస్తే సరిపోయేది. 2004 మేలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఉచిత విద్యుత్తు ప్రకటించింది. నడుమ 2000లో చార్జీల పెంపుపై పెద్ద ఆందోళన జరిగి, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పుల దాకా పోయింది. కరెంటు ధర ఇక్కడ లెక్కల పుస్తకంలోని అంకె మాత్రమే కాదు.

బిల్లు లేని రైతు మంచి మోటారుకు ఎక్కువ సొమ్ము ఎందుకు పెట్టాలి? చౌక మోటారు ఎక్కువ కరెంటు తాగినా అతనికి నష్టం లేదు. అందువల్లనే ఉచిత విద్యుత్తుతో పాటు కెపాసిటర్లు, ఐఎస్ఐ మోటార్లు, రాపిడి తక్కువ ఫుట్‌వాల్వులు, తగిన పైపులు వాడాలన్న షరతులు పెట్టవలసి వచ్చింది. ధర చేయని పని షరతుతో చేయించబోయారు.

అయితే రైతుకు పొదుపు తెలియదనడం పొరపాటు. నీళ్లు అడుగంటిన బోరు ఉన్న రైతు డ్రిప్పు పైపులు వేశాడు, ఎందుకంటే అతనికి కరువైనది నీరు. అతడు కొరత ఉన్నదానిని పొదుపు చేశాడు, లేనిదానిని చేయలేదు. ఆటో స్టార్టర్ల సంగతీ ఇంతే. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని రోజులలో, వచ్చిన వెంటనే మోటారు దానంతట అదే తిరగాలని వాటిని బిగించుకున్నారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలైనప్పుడు భూగర్భ జలాలు అడుగంటుతాయన్న భయంతో ఆ స్టార్టర్లు తీసివేయవలసిందిగా ప్రభుత్వమే రైతులను కోరింది. ధర ఒక్కటే కాదు, సరుకు దొరుకుతుందన్న భరోసా కూడా వాడకాన్ని మారుస్తుంది. దొరకదేమోనన్న భయం ఉన్నచోట పొదుపు రాదు, ఎగబడటం వస్తుంది. కొరత రోజుల్లో కొనుగోళ్లు ఎలా ఉంటాయో వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఎల్ఇడి దీపాలు, ఊక

కరెంటు ధర పెంచకుండానే పొదుపు వచ్చిన ఉదాహరణ ఎల్ఇడి దీపం. 60 వాట్ల పాత బల్బు చేసే పని 9 వాట్ల దీపం చేస్తుందని అందరికీ తెలిసినా ఖరీదు చూసి వెనుకాడేవారు. ప్రభుత్వ రంగ సంస్థ ఇఇఎస్ఎల్ కోట్ల లెక్కన ఒకేసారి టెండర్లు పిలవడంతో కొనుగోలు ధర 2014లోని రూ.310 నుంచి 2016 నాటికి రూ.38కి పడింది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా దీపాలు పంపిణీ అయ్యాయి. పాత బల్బుల వర్తకం క్రమంగా తగ్గుతూ వచ్చింది. అది ఇక తిరిగి రాదు.

దీనికి భిన్నమైనది ఊక. ఒకప్పుడు రైసు మిల్లుల వెనుక గుట్టలుగా పడి ఉండి, తోలుకుపోతే చాలుననిపించిన సరుకు అది. బొగ్గు, ఫర్నేసు ఆయిలు ధరలు పెరిగినకొద్దీ బాయిలర్లు, ఇటుక బట్టీలు దానికోసం వచ్చాయి. 2000 ప్రాంతంలో ఊకతో నడిచే చిన్న విద్యుత్ కేంద్రాలు వెలిశాయి. ఊకకు ధర పలికింది. చౌక ఇంధనమని లెక్క కట్టి పెట్టిన ఆ కేంద్రాలే పెరిగిన ఊక ధరకు ఇబ్బందిపడ్డాయి, ఎందుకంటే వాటి గిరాకీయే ఆ ధరను పెంచింది. మిల్లుదారునికి మాత్రం పారబోసేది పద్దులోకి ఎక్కింది. అటుపైన ఊకను వానకు తడవనిచ్చిన మిల్లు అరుదు.

వర్తకుడు గుర్తుంచుకోవలసినవి

1. వాడకం తగ్గిందని వార్త వచ్చినప్పుడు అది చేతి పొదుపా, సామాను పొదుపా, సరుకు మార్పిడా, లేక మూతా అన్నది ముందు విడదీయాలి. మొదటిది ధరతో పాటు తిరిగి వస్తుంది. రెండవది రాదు. మూడవది రెండు ధరల తేడాను బట్టి వస్తూ పోతూ ఉంటుంది. నాలుగవది కర్మాగారం తలుపులను బట్టి ఉంటుంది.

2. జనం చెప్పే మాటల కన్నా కొన్న సామాను నమ్మదగిన సాక్ష్యం. మోటార్లు, స్టవ్‌లు, బండ్లు, బాయిలర్లు ఏవి అమ్ముడుపోతున్నాయో విచారిస్తే రాబోయే ఏళ్ల ఇంధన గిరాకీ ముందుగానే తెలుస్తుంది.

3. సామాను ఆయుష్షు లెక్కలోకి తీసుకోవాలి. దీపం రెండు మూడేళ్లలో మారుతుంది, కారుకు పది పదిహేనేళ్లు పడుతుంది, విద్యుత్ కేంద్రం ఒక తరం నిలుస్తుంది. పొదుపు వచ్చే వేగం, నిలిచే కాలం రెండూ దీనిని బట్టే.

4. ప్రపంచ ధర కాదు, వినియోగదారుని బిల్లుపై కనబడే ధర చూడాలి. నడుమ పన్ను ఉండవచ్చు, సబ్సిడీ ఉండవచ్చు, మీటరే లేకపోవచ్చు.

5. ధర ఎంత పెరిగిందన్నదానికన్నా ఎంతకాలం ఉంటుందని జనం నమ్ముతున్నారన్నది ముఖ్యం. మూడు నెలల తేజీ దీపాలు ఆర్పిస్తుంది. మూడేళ్ల తేజీ యంత్రాలను మార్పిస్తుంది.

ఈ అయిదింటిలో చివరిది అమ్మకందారులకు హెచ్చరిక కూడా. ధర హెచ్చుగా ఉన్నంతకాలం లాభమే అనుకోవడం సహజం. కాని హద్దు దాటి ఎక్కువకాలం నిలిచిన ధర కొనుగోలుదారునికి వేరే దారి వెతికిపెడుతుంది. 1985లో సౌదీ అరేబియా తెలుసుకున్నది అదే. చిన్న పట్టణంలోని గోడౌనుకు కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. మన సరుకు లేకుండా పని గడుపుకోవడం నేర్చుకున్న ఖాతాదారుడు ధర తగ్గించినా మళ్లీ మన గుమ్మం తొక్కుతాడన్న నమ్మకం లేదు.